లెక్క మాటలు, కొలత మాటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకటి నుంచి పది వరకు ఉన్న మాటలు సంస్కృతం నుంచి వచ్చాయా?

రాలేదు. ఇవి ద్రావిడ భాషల ఉమ్మడి మాటలు. మూడు, ఆరు, ఏడు తమిళంలో మూన్ఱు, ఆఱు, ఏళు. కన్నడంలో మూరు, ఆరు, ఏళు. తమిళ ‘పత్తు’, తెలుగు ‘పది’, కన్నడ ‘హత్తు’ ఒకే మాటకు మూడు రూపాలు. కన్నడంలో మాట మొదటి ‘ప’ కాలక్రమంలో ‘హ’ అయింది. పాలు అక్కడ హాలు, పులి అక్కడ హులి.

‘రెండు’ను చూస్తే తమిళ ‘ఇరండు’కు దూరంగా కనిపిస్తుంది. తెలుగులో మొదటి అచ్చు జారిపోవడమే దానికి కారణం. జారిపోయిన ‘ఇరు’ మాత్రం సమాసాల్లో నిలిచింది: ఇరవై, ఇద్దరు, ఇరువైపులా, ఇరుపక్షాలు. ఇరుగుపొరుగులో ఉన్నదీ ఈ ‘ఇరు’యేనని చాలామంది అనుకుంటారు. ఇంటిపక్క వాళ్ళను చెప్పే ఆ మాటను ఈ జాబితాలో కలపకపోవడమే మంచిది.

వరుస చెప్పేటప్పుడు ‘మొదటి’ అనే మాట ఒకటి నుంచి పుట్టలేదు. అది ‘మొదలు’ నుంచి వచ్చింది. అందుకే రెండో, మూడో అన్నంత సహజంగా ‘ఒకటో’ అన్ని చోట్లా కుదరదు. ఒకటో తేదీ, ఒకటో తరగతి, ఒకటో నంబరు సరే. బహుమతి మాత్రం మొదటిదే.

పదిహేనులో ‘హ’ ఎక్కడిది? ‘పది ఐదు’ ఎందుకు కాలేదు?

ఐదుకు పాత తెలుగులో ‘ఏను’ అనే రూపం ఉంది. పది + ఏను కలిసినప్పుడు రెండు అచ్చుల మధ్య ‘హ’ వచ్చి చేరి పదిహేను అయింది. పదహారు (పది + ఆరు), పదిహేడు (పది + ఏడు) కూడా ఇదే దారి.

‘ఏను’ విడిగా వాడుకలో పోయినా దాని సంతానం చాలానే ఉంది. యాభై పాతరూపం ‘ఏబది’, అంటే ఏను + పది. ఐదు వందలకు పాతమాట ‘ఏనూరు’. ఐదుగురికి ‘ఏవురు’. ఐదు తూములకు (తూము ధాన్యపు కొలత) ‘ఏదుము’. ఈ ఒక్క మాట తెలిస్తే పాత దస్తావేజుల్లో సగం అంకెలు తికమక పెట్టవు.

పన్నెండులో ‘పన్’ అంటే పది, మిగిలింది రెండు. తమిళంలో అది పన్నిరండు.

ఇరవై, ముప్పై, నలభై చివర ‘ఐ’, ‘భై’ ఏమిటి? అరవైలో ‘అర’ ఉందా?

ఆ చివరిది ‘పది’యే. ఇరువది, ముప్పది, నలుబది, ఏబది, అరువది, డెబ్బది, ఎనుబది, తొంబది అనేవి గ్రంథాల్లోని రూపాలు. వాటిలో ‘ది’ నోట్లో నలిగి పోయి ఇరవై, ముప్పై మిగిలాయి. అరవైలో ఉన్నది సగం అనే అర కాదు, ఆరు. సమాసంలో ఆరు కుదించుకుని ‘అరు’ అవుతుంది, నాలుగు ‘నలు’ అయినట్టే.

డెబ్బైలో ఏడు కనిపించదు. అక్కడ కూడా రెండులో లాగే మొదటి అచ్చు తన చోట నిలవలేదు. ఏడులోని అచ్చు, హల్లు చోట్లు మారి ‘డె’ ముందుకు వచ్చింది. ఇలా అక్షరాలు ముందుకు దూకడం తెలుగుకు బాగా అలవాటు.

తొమ్మిది, తొంభై ఒకే మాట నుంచి వచ్చాయా?

రెండింటిలోనూ ఉన్న ‘తొ’ ఒక్కటే. దాన్ని అర్థం చేసుకోవడానికి తమిళం పనికొస్తుంది. అక్కడ తొమ్మిదికి ‘ఒన్బదు’ అంటారు. తొంభైకి ‘తొణ్ణూఱు’, తొమ్మిది వందలకు ‘తొళ్ళాయిరం’ అంటారు. తొణ్ణూఱులో ఉన్నది నూరు, తొళ్ళాయిరంలో ఉన్నది వెయ్యి. అంటే పై మెట్టు పేరు చెప్పి, దానికి ఒక అడుగు తక్కువ అని సూచించడం. తెలుగు తొమ్మిదిలోని ‘మిది’ ఆ లెక్కన పది. తొంభైని మాత్రం తెలుగు తమిళంలా నూరుతో కట్టలేదు, తక్కిన పదుల వరుసలోనే ‘పది’తో కట్టింది.

‘రెండు మంది’, ‘మూడు మంది’ అనడం తప్పా?

తప్పే. మనుషులను లెక్కించడానికి తెలుగులో వేరే వరుస ఉంది: ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు. ఎనిమిది నుంచి ‘మంది’ సహజం. ఎనమండుగురు, తొమ్మండుగురు, పదుగురు అనే రూపాలూ ఉన్నాయి గానీ ఇప్పటి మాటల్లో తక్కువ. యంత్రానువాదాల్లోనూ ప్రకటనల్లోనూ ‘మూడు వ్యక్తులు’, ‘నాలుగు మంది అభ్యర్థులు’ కనిపిస్తుంటాయి. ముగ్గురు వ్యక్తులు, నలుగురు అభ్యర్థులు అని దిద్దాలి.

‘నలుగురు’కు లెక్కను దాటిన అర్థం కూడా ఉంది. నలుగురిలో పరువు, నలుగురూ ఏమంటారో అన్నప్పుడు అది లోకం.

నూరు సరైనదా, వంద సరైనదా?

రెండూ సరైనవే, వాడే చోట్లు వేరు. నూరు ద్రావిడ మాట. 101 నుంచి 199 వరకు ‘నూట’ అనే రూపమే పలుకుతాం: నూట పది, నూట ఎనిమిది. రెండు వందల నుంచి వంద వస్తుంది. పూర్వం ఇన్నూరు, మున్నూరు, నన్నూరు అని నూరుతోనే మొత్తం వరుస నడిచేది. నూటికి ఇంత అనే శాతం లెక్కలో, ‘ఆరు నూరైనా నూరు ఆరైనా’ అనే పట్టుదలలో నూరు గట్టిగానే ఉంది.

వెయ్యి కూడా ద్రావిడమేనా?

వేయి తెలుగు సొంతమాట. ఈ విషయంలో తెలుగు ప్రత్యేకం. కన్నడ ‘సావిర’ సంస్కృత ‘సహస్ర’ నుంచి వచ్చింది, తమిళ ‘ఆయిరం’ కూడా ఆ దారిలోదే. 1163లో హనుమకొండలో రుద్రదేవుడు కట్టించిన ఆలయాన్ని మనం వేయిస్తంభాల గుడి అనే పిలుస్తాం.

వెయ్యిన్నూటపదహార్లు అనే మాటను విడగొడితే 1,116. వెయ్యి, నూట, పదహార్లు. రాతలో ‘వెయ్యినూట పదహారు’ అని రెండుగా విరిచినా తప్పు కాదు.

లక్ష, కోటి అసలు అర్థాలేమిటి?

రెండూ సంస్కృతం. లక్షకు గుర్తు, గురి అని అర్థాలున్నాయి. లక్షణం, లక్ష్యం దాని చుట్టాలే. కోటి అంటే కొన, అంచు. ధనుష్కోటి అంటే వింటి కొన. లెక్కలో ఒక శిఖరం లాంటి సంఖ్యకు ఆ పేరు పెట్టారు.

కోటి తర్వాత అర్బుదం, ఖర్వం అంటారు. అర్బుదం అంటే ఎంత?

ఏ గ్రంథం ప్రకారం అని ముందు అడగాలి. భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో ఒకట్ల స్థానం నుంచి పరార్ధం దాకా 18 స్థానాలున్నాయి. అక్కడ అర్బుదం తొమ్మిదో స్థానం, అంటే పది కోట్లు. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడి గణితసారసంగ్రహంలో 24 స్థానాలున్నాయి. అక్కడ కోటి తర్వాత దశకోటి, శతకోటి వచ్చి, ఆ తర్వాతే అర్బుదం. అంటే వెయ్యి కోట్లు. ఖర్వం ఒకచోట వెయ్యి కోట్లు, ఇంకోచోట లక్ష కోట్లు. ఒకే పేరుకు విలువ వంద రెట్లు తేడా!

పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేసింది మహావీరాచార్యుడి గ్రంథాన్నే. కాబట్టి పాత తెలుగు గణితంలో ఈ పేర్లు కనిపిస్తే లీలావతి విలువలు వేసేయకండి. పిల్లల పుస్తకాల్లో ఈ రెండు జాబితాలను కలిపి ఒకే పట్టికగా అచ్చువేయడం తరచూ చూస్తాం. ఆ పట్టిక ఏ గ్రంథానికీ సరిపోదు.

దశసహస్రానికి లీలావతిలో ‘అయుతం’ అని పేరు. అయుత చండీ యాగంలో ఉన్నది ఆ పదివేలే.

మిలియన్, బిలియన్‌లను తెలుగు లెక్కలోకి ఎలా మార్చాలి?

మిలియన్ పది లక్షలు. బిలియన్ వంద కోట్లు. ట్రిలియన్ లక్ష కోట్లు. ఈ మూడూ కంఠతా వస్తే చాలు. 2.5 బిలియన్ అంటే 250 కోట్లు. 40 మిలియన్ అంటే 400 లక్షలు, అంటే 4 కోట్లు.

తప్పులు ఎక్కువగా కామాల దగ్గర జరుగుతాయి. మన పద్ధతిలో కుడి నుంచి మొదట మూడంకెలకు, తర్వాత రెండేసి అంకెలకు కామా పెడతాం: 1,00,00,000. పాశ్చాత్య పద్ధతిలో మూడేసి: 10,000,000. మార్చేటప్పుడు కామాలన్నీ తీసేసి, అంకెలు మాత్రమే రాసుకుని, మళ్ళీ మన పద్ధతిలో పెట్టుకోవాలి.

ఇంకొక జాగ్రత్త: పాత బ్రిటిష్ పుస్తకాల్లో బిలియన్ అంటే మిలియన్ మిలియన్లు, అంటే నేటి ట్రిలియన్. బ్రిటన్ ప్రభుత్వం 1974లో నేటి అర్థానికి మారింది.

సున్న అంటున్నాం సరే, హళ్ళి ఏమిటి?

సున్న ‘శూన్యం’ నుంచి ప్రాకృతం మీదుగా వచ్చింది. గోడకు వేసే సున్నం వేరు, అది ‘చూర్ణం’ నుంచి వచ్చింది. హళ్ళి కూడా సున్నే, కాకపోతే భిన్నాల లెక్కలో వాడే సున్న. పూర్ణాంకాలకు ఒక సున్న, భిన్నాలకు ఇంకొకటి. ‘హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న’ అనే నానుడిలో ఒకే మాటను ఊరికే రెండుసార్లు అనలేదు. ఇటు భాగాల్లోనూ ఏమీ లేదు, అటు మొత్తంలోనూ ఏమీ లేదు అని లెక్క తేల్చడమది.

పావు, పాతిక, అర, సగం: వీటిలో తేడా ఏమిటి?

పావుకు మూలం సంస్కృత ‘పాదం’. నాలుగు కాళ్ళ జంతువుకు ఒక కాలు నాలుగో వంతు. పద్యంలో నాలుగో వంతును పాదం అనేదీ అందుకే. మూడు పావులు ముప్పావు. పాతికకు కూడా నాలుగో వంతు అనే అర్థం ఉంది, నూటిలో నాలుగో వంతు కాబట్టి ఇరవై ఐదుకు పేరైంది. ముప్పాతిక అంటే మాత్రం డెబ్బై ఐదు కంటే నాలుగింట మూడు వంతులనే అర్థమే ఎక్కువ.

అర కొలతకు ముందు వస్తుంది: అర కిలో, అరగంట, అరఠావు. సగం ఒక వస్తువులో భాగం చెబుతుంది: సగం పండు, సగం దారి. ‘సగం కిలో’ అంటే అర్థమవుతుంది గానీ చెవికి కొత్తగా ఉంటుంది.

రెండున్నర అంటే రెండును అర, రెండూ ఇంకా అర. తొమ్మిదింబావు అంటే తొమ్మిదీ పావు. పావుతక్కువ ఎనిమిది అంటే ఏడూ ముప్పావు. గడియారం చూసి చెప్పేటప్పుడు 7:45. దీన్ని 8:15గా పొరబడేవారు ఉన్నారు. తక్కువ అనే మాట ఎప్పుడూ వెనక్కే లాగుతుంది.

వీసం, కాణీ అంటే ఎంతెంత? వీటిని ఎలా రాసేవారు?

తెలుగు కొలతలన్నిటికీ తాళంచెవి ఇక్కడ ఉంది. పాత తెలుగు భిన్నాలు పదో వంతుల్లో నడవలేదు, నాలుగో వంతుల్లో నడిచాయి. ఒకటిలో నాలుగో వంతు పావు. పావులో నాలుగో వంతు వీసం, అంటే 1/16. వీసంలో నాలుగో వంతు కాణీ, అంటే 1/64. ‘వీసమెత్తు’ నమ్మకం లేదన్నప్పుడు ఆ పదహారో వంతు కూడా లేదని.

రాసే పద్ధతి చాలా తెలివైనది. మొదటి మెట్టు (1/4), మూడో మెట్టు (1/64) వంటి బేసి మెట్లకు నిలువు గీతలు: ౹ ౺ ౻. రెండో మెట్టు (1/16), నాలుగో మెట్టు (1/256) వంటి సరి మెట్లకు అడ్డ గీతలు: ౼ ౽ ౾. ఒక గీత ఒకటి, రెండు గీతలు రెండు, మూడు గీతలు మూడు. నాలుగో గీత అక్కర్లేదు, నాలుగైతే పై మెట్టుకు చేరిపోతుంది కదా. నిలువు, అడ్డం ఒకదాని తర్వాత ఒకటి రావడం వల్ల ఏ గీత ఏ మెట్టుదో కళ్ళకే తెలుస్తుంది. ముప్పావు మీద వీసం, అంటే 13/16 రాయాలంటే ౻౼ చాలు.

ఈ గుర్తులు 2008లో కంప్యూటర్ అక్షరాల ప్రమాణమైన యూనికోడ్‌లో చేరాయి. బేసి మెట్ల సున్న ౸, తూము గుర్తు ౿ కూడా వాటితోపాటే వచ్చాయి. చాలా ఫాంట్లలో ఇవి లేవు. మీ తెరమీద ఖాళీ డబ్బాలు కనిపిస్తే తప్పు రాతలో లేదు, ఫాంటులో ఉంది.

పాత పద్దులు చదివేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు, ఈ గీతలను విరామచిహ్నాలనుకుని వదిలేయడం. నిలువు గీతను పద్యం చివరి దండం అనుకుంటారు, అడ్డగీతను కొట్టివేత అనుకుంటారు. అంకె పక్కనే గీత ఉంటే ముందు భిన్నమేమో అని చూడండి.

పావలా, బేడ, అణా ఈ లెక్కలోవేనా?

అవును, చక్కగా సరిపోతాయి. రూపాయిలో నాలుగో వంతు పావలా. పావలాలో నాలుగో వంతు అణా. అణాలో నాలుగో వంతు కాణీ, అదే పాత పైసా. అంటే అణా రూపాయికి వీసం, కాణీ రూపాయికి 1/64. పేరు, భిన్నం ఒకటే. రెండణాలు బేడ. పాత పైసాలో మూడో వంతు దమ్మిడీ దగ్గర మాత్రం నాలుగు వరుస తెగింది. అందుకే రూపాయికి 192 దమ్మిడీలు.

1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 నయాపైసలయ్యాయి. పావలా సరిగ్గా 25 పైసలకు కుదిరింది. అణా మాత్రం 6.25 పైసలై ఎక్కడా నిలవలేదు. 25 పైసల నాణెం చెలామణి 2011 జూన్ 30తో ఆగింది. మాటలు ఆగలేదు. పదహారణాల తెలుగు అంటే ఏ లోటూ లేని నిండు రూపాయి లాంటిదని.

గిద్ద నుంచి పుట్టి దాకా వరుస చెప్పండి.

ఎక్కువగా వాడిన వరుస ఇది:

4 గిద్దలు = 1 సోల
2 సోలలు = 1 తవ్వ
2 తవ్వలు = 1 మానిక
2 మానికలు = 1 అడ్డ
2 అడ్డలు = 1 కుంచం
4 కుంచాలు = 1 తూము
20 తూములు = 1 పుట్టి

తవ్వ, అడ్డ అనే నడిమి మెట్లు తీసేసి చూడండి. తూములో నాలుగో వంతు కుంచం, కుంచంలో నాలుగో వంతు మానిక, మానికలో నాలుగో వంతు సోల, సోలలో నాలుగో వంతు గిద్ద. అంటే 1/4, 1/16, 1/64, 1/256. పైన చెప్పిన గీతల రాత ఈ పాత్రల కోసమే అచ్చు పోసినట్టుంది. 5 తూముల 2 కుంచాల 3 మానికలు రాయాలంటే ౫ వేసి, పక్కన ౺, దాని పక్కన ౾ పెడితే అయిపోయింది. కూడేటప్పుడు నాలుగు గీతలు చేరగానే ఎడమకు ఒకటి వేయడమే. దశాంశాలు రాకముందు వడ్ల లెక్క అంత వేగంగా తేలడానికి కారణం ఈ పొందికే.

నాలుగు వస్తువుల గుంపుకు ‘పుంజీ’ అనే మాట ఉండటమూ ఈ అలవాటులో భాగమే.

మాటల పుట్టుక: మానికకు మూలం కొలవడం అనే అర్థమున్న సంస్కృత ‘మా’ ధాతువు. ప్రమాణం, పరిమాణం, పరిమితి, మాత్ర అన్నీ దాని నుంచే. తూము అంటే చెరువు తూము కూడా. తమిళ ‘తూంబు’కు బోలు గొట్టం అని అర్థం. సోలెడు, మానెడు, అడ్డెడు, కుంచెడు, పుట్టెడు అన్నప్పుడు చివరి ‘ఎడు’ ‘అంత నిండుగా’ అని చెబుతుంది. పుట్టెడు దుఃఖం అంటే ఆ వరుసలో అన్నిటికంటే పెద్ద కొలతంత.

ఏదుము, పందుము అంటే?

ఏను + తూము ఏదుము, ఐదు తూములు. పది తూములు పందుము, పుట్టిలో సగం. ‘ఏదుం తిన్నా ఏకాదశే, పందుం తిన్నా పరగడుపే’ అనే సామెత ఈ లెక్క తెలియకపోతే సగమే అర్థమవుతుంది. అయిదు తూములు తిన్నవాడు ఉపవాసమంటున్నాడు. దానికి రెట్టింపు తిన్నవాడు ఇంకా ఏమీ తినలేదంటున్నాడు.

కుంచం ఎన్ని కిలోలు? మానిక ఎన్ని కిలోలు?

ఒకే జవాబు ఇచ్చే పట్టికను నమ్మకండి. కారణాలు మూడు.

మొదటిది, ఇవి ఘనపరిమాణపు కొలతలు, బరువు కొలతలు కావు. ఒక లీటరు పాత్రలో బియ్యం సుమారు 800 గ్రాములు పడితే, వడ్లు 550 నుంచి 600 గ్రాములే పడతాయి. అదే కుంచంతో కొలిచినా బరువు మారిపోతుంది. రెండోది, మెట్ల మధ్య నిష్పత్తులు కలిసినా పాత్ర పరిమాణం ప్రాంతానికొక తీరుగా ఉండేది. మూడోది, కొలిచే పద్ధతి. అంచు దాకా నింపి పైన చేత్తో చదును చేయడం ఒకటి, గోపురంలా నిలిచేదాకా పోయడం ఇంకొకటి. వెడల్పు మూతి పాత్రలో ఈ రెంటికీ తేడా చాలా ఎక్కువ. అప్పు ఇచ్చేటప్పుడు చదునుగా, తీసుకునేటప్పుడు గోపురంగా కొలవడం పాత తగాదాలకు మూలం.

పాత పాత్ర చేతిలో ఉంటే సరైన విలువ ఇలా తెలుస్తుంది. ఖాళీ పాత్రను తూచండి. అంచు వరకు నీళ్ళు పోసి మళ్ళీ తూచండి. తేడా ఎన్ని కిలోలో అన్ని లీటర్లు దాని పరిమాణం. తర్వాత మీకు కావలసిన గింజను అదే పాత్రలో చదునుగా నింపి తూచి, రెండు అంకెలూ రాసిపెట్టుకోండి. చెక్క కుంచమైతే పగుళ్ళలోంచి నీరు కారి లెక్క తగ్గుతుంది. అప్పుడు లోపల పల్చని ప్లాస్టిక్ సంచి పరచి నీళ్ళు పోయాలి.

తులం, సేరు, వీశె, మణుగు బరువులు ఎంతెంత?

బ్రిటిష్ కాలపు తులం 11.664 గ్రాములు. మద్రాసు వైపు నడిచిన వరుసలో 3 తులాలు పలం, 8 పలాలు సేరు, 5 సేర్లు వీశె, 8 వీశెలు మణుగు, 20 మణుగులు పుట్టి. ఆ లెక్కన సేరు 24 తులాలు, సుమారు 280 గ్రాములు. వీశె 120 తులాలు, సుమారు 1.4 కిలోలు. మణుగు సుమారు 11.2 కిలోలు.

ఇంకొక సేరు ఉంది. పక్కా సేరు 80 తులాలు, సుమారు 933 గ్రాములు. అలాంటి 40 సేర్లు కలిస్తే వచ్చే మణుగు 37.3 కిలోలు. పాత లెక్కలో ‘మణుగు’ అని మాత్రమే ఉంటే ఏ సేరుతో కట్టినదో తేల్చుకోకుండా కిలోల్లోకి మారిస్తే మూడు రెట్లకు పైగా తేడా వస్తుంది. పక్కన వీశెలు కూడా కనిపిస్తే చిన్న మణుగే. పుట్టి కూడా ఇలాంటిదే: తూములు పక్కనుంటే పాత్ర కొలత, మణుగులు పక్కనుంటే బరువు.

‘సేరుకు సవాసేరు’లో సవా అంటే ఒకటింబావు. వాడు ఒకటైతే వీడు ఒకటీ పావు.

బంగారం తులం అంటే 10 గ్రాములా, 11.66 గ్రాములా?

నేటి అంగళ్ళలో తులం అంటే 10 గ్రాములుగా వాడుతున్నారు. పాత తులం 11.664 గ్రాములు. పాత వీలునామాలోనో పెళ్ళినాటి పట్టికలోనో పది తులాలు అని ఉంటే అది 116.6 గ్రాములు కావచ్చు, నేటి లెక్కకంటే 16 గ్రాములకు పైగా ఎక్కువ. కాగితం తేదీ చూడండి. 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చి కొన్నేళ్ళలో అమలైంది. అంతకు ముందుదైతే పాత తులమే. కాసు బంగారం అంటే 8 గ్రాములు, సవరను నాణెం బరువు అందుకు ఆధారం.

తులం కింద 12 మాషాలు, మాషా కింద 8 రతులు. రతి అంటే గురివింద గింజ ఎత్తు, 0.12 గ్రాములు.

చేతి కొలతల వరుస ఏమిటి?

చిటికెడు: బొటనవేలు, చూపుడువేలి కొసల మధ్య పట్టేది. పిడికెడు: మూసిన పిడికిట్లో పట్టేది. చేరెడు లేదా చారెడు: గిన్నెలా వంచిన ఒక అరచేతిలో పట్టేది, చేరెడేసి కళ్ళు అక్కడివే. దోసెడు: రెండు చేతులు కలిపితే పట్టేది. పొడవుల్లో బెత్తెడు నాలుగు వేళ్ళ వెడల్పు, జానెడు 12 వేళ్ళు, మూరెడు 24 వేళ్ళు, బారెడు రెండు చేతులూ చాచినంత.

అంగుళం అంటే ఇంచేనా?

నేటి వాడుకలో అవును, 2.54 సెంటీమీటర్లు. కానీ అంగుళం అంటే వేలు. మూరకు 24 అంగుళాలు. మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా సుమారు 45 సెంటీమీటర్లు అనుకుంటే వేలి అంగుళం సుమారు 1.9 సెంటీమీటర్లే. శిల్ప, వాస్తు గ్రంథాల్లో 96 అంగుళాలంటే నాలుగు మూరలు, సుమారు 6 అడుగులు. దాన్ని ఇంచీలుగా తీసుకుంటే 8 అడుగులవుతుంది. గుమ్మాలు, విగ్రహాల కొలతలు తప్పడానికి ఇదీ ఒక కారణం.

ఎకరం, సెంటు, గుంట, గజం, అంకణం: ఒకదాన్నుంచి ఒకటి ఎలా?

ఎకరం 4,840 చదరపు గజాలు, అంటే 43,560 చదరపు అడుగులు. ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు, సెంటు 48.4 చదరపు గజాలు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, గుంట 121 చదరపు గజాలు. గుంట అంటే 33 అడుగుల చదరం. సర్వే గొలుసు పొడవు 66 అడుగులు, దానిలో సగం అది. సెంటు నూరు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. గజం పారశీక ‘గజ్’ నుంచి వచ్చింది, ఏనుగుకు సంబంధం లేదు.

అతి ఖరీదైన పొరపాటు చుక్క దగ్గర జరుగుతుంది. తెలంగాణ కాగితంలో 2-20 అంటే 2 ఎకరాల 20 గుంటలు, రెండున్నర ఎకరాలు. ఆంధ్ర కాగితంలో 2.20 అంటే 2 ఎకరాల 20 సెంట్లు. మొదటిదాన్ని రెండోదిగా చదివితే 30 సెంట్లు, అంటే 1,452 చదరపు గజాలు మాయమవుతాయి. గుంటలను 40తో భాగించాకే దశాంశంలో రాయాలి.

అంకణం మూలార్థం రెండు స్తంభాల మధ్య చోటు. ఒకచోట 36 చదరపు అడుగులు, మరోచోట 72. ఒప్పందంలో అంకణాల పక్కన చదరపు అడుగులు కూడా రాయించుకోవాలి.

గడియ, విఘడియ, జాము నేటి గంటల్లో ఎంత?

రోజుకు 60 గడియలు, గడియ 24 నిమిషాలు. గడియకు 60 విఘడియలు, విఘడియ 24 సెకన్లు. రెండు గడియలు ముహూర్తం, 48 నిమిషాలు. జాము మూడు గంటలు. ‘ఘటిక’ అంటే చిన్న కుండ. అడుగున సన్నని బెజ్జమున్న గిన్నెను నీటిమీద వదిలితే అది మునగడానికి పట్టే కాలమే గడియ. గడియారంలో ఆ కుండే ఉంది. గంట అంటే మోగే గంట, నిమిషం అంటే రెప్పపాటు, పక్షం అంటే రెక్క.

పంచాంగంలో గడియలు సూర్యోదయం నుంచి లెక్క. 12-30 అని ఉంటే పన్నెండున్నర గంటలు కాదు, 12 గడియల 30 విఘడియలు. 12.5ను 24తో గుణిస్తే 300 నిమిషాలు, అంటే 5 గంటలు. మీ ఊరి సూర్యోదయం 6:10 అయితే ఆ సమయం 11:10. వేరే ఊరి సూర్యోదయం వేస్తే ఆ తేడా అంతా జవాబులోకి వస్తుంది. పంచాంగం గడియల్లో ఉందో గంటల్లో ఉందో మొదటి పేజీల్లో చూసుకున్నాకే లెక్క మొదలుపెట్టాలి.

డజను, గ్రోసు, దస్తా, రీము?

డజను 12, గ్రోసు 12 డజన్లు, 144. దస్తా పారశీకం, చేతికి పట్టినంత అని. పాత దస్తాకు 24 కాగితాలు, 20 దస్తాలకు 480 కాగితాల రీము. ఇప్పటి రీము 500, దస్తా 25. పాత అచ్చు పద్దులు చదివేటప్పుడు ఒక్కో రీముకు 20 కాగితాలు తక్కువ వేసుకోవాలి.